కొలంబస్‌కు ముందటి అమెరికా: ఒక బోధన సామగ్రి పెట్టెపై సమీక్ష

యూరప్ వారు అడుగుపెట్టక ముందు అమెరికా ఖండాల్లో వెలసిన నాగరికతలను హైస్కూలు పిల్లలకు పరిచయం చేయడానికి తెలుగులో తయారైన బోధన సామగ్రి పెట్టె ఒకటి ఈ విద్యా సంవత్సరంలో మా పాఠశాల గ్రంథాలయానికి చేరింది. అనంతపురం సుభాష్ రోడ్డులోని ఒక పుస్తకాల అంగడి ద్వారా తెప్పించుకున్న ఈ పెట్టె ధర 1,450 రూపాయలు. గోడకు తగిలించే పటం, మడతలు విప్పితే తరగతి గది గోడ పొడవునా పరుచుకునే కాలపట్టిక, మధ్య అమెరికాలోని మాయా ప్రజల అంకెలు నేర్పే చెక్క పలక, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో రాజ్యమేలిన ఇన్కాల ముడుల లెక్కకు నమూనాగా ఒక తాళ్ల గుత్తి, బొమ్మల కార్డుల కట్ట, ఒక చిన్న పుస్తకం అందులో ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే రైతుబిడ్డలకు సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా వీటన్నిటినీ తరగతిలో వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. కాలపట్టిక, అంకెల పలక అనే రెండు వస్తువుల కోసమైనా ఈ పెట్టెను కొనవచ్చు. బొమ్మల కార్డులను మాత్రం ఉపాధ్యాయుడు ముందుగా చదివి, తప్పులు దిద్ది, కొన్నింటిని పక్కన పెట్టిన తరువాతే పిల్లల చేతికి ఇవ్వాలి.

పెట్టె మొత్తంలో ఎక్కువ ఆలోచనతో చేసిన వస్తువు కాలపట్టిక. మన దగ్గర అమెరికా చరిత్ర అనగానే 1492 అక్టోబరు 12న కొలంబస్ ఓడలు ఒడ్డు చేరడంతో మొదలుపెట్టే అలవాటు ఉంది. ఈ పట్టిక క్రీ.పూ. 3500 ప్రాంతంలో లూసియానాలోని వాట్సన్ బ్రేక్ మట్టిదిబ్బలతో మొదలై, 1532లో కహమార్కా పట్టణంలో ఇన్కా రాజు అతవాల్పా స్పెయిన్ సైనికులకు బందీ కావడంతో ముగుస్తుంది. ప్రతి నూరేళ్లకూ ఒకే వెడల్పు ఇచ్చినందువల్ల కొలంబస్ రాక చివరి అంచున వేలెడు జాగాలో కనబడుతుంది, దానికి ముందరి ఐదువేల ఏళ్లు గోడంతా ఆక్రమిస్తాయి. ఇది ఉపన్యాసం చెప్పి నేర్పగలిగే సంగతి కాదు. పిల్లలు పట్టిక పక్కన నడిచినప్పుడు వారికే తెలిసివస్తుంది.

పట్టికలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం కరాల్‌కు ఇచ్చిన చోటు. పెరూ తీరానికి దగ్గరలోని సూపె లోయలో ఉన్న ఈ పట్టణం వయసును పెరూ పురావస్తు శాస్త్రవేత్త రూత్ షేడీ, ఆమె సహచరులు 2001లో ప్రకటించారు. క్రీ.పూ. 2600 నాటికే అక్కడ పెద్ద పెద్ద రాతి వేదికలు లేచాయి, అంటే ఈజిప్టులో గీజా పిరమిడ్లు కట్టిన కాలానికి ఇది దీటైనది. కరాల్ ప్రజలకు మట్టికుండలు లేవు. రెల్లుతో అల్లిన సంచుల్లో రాళ్లు నింపి, సంచులతో సహా పేర్చి వేదికల లోపలి భాగాన్ని నింపారు. లోయలో పండించిన పత్తితో వలలు అల్లితే, తీరంలోని జాలరులు వాటితో పట్టిన చేపలు లోయలోకి వచ్చేవి. పక్షి ఎముకలతో చేసిన వేణువులు తవ్వకాల్లో దొరికాయి కాని, కోటగోడలు గాని యుద్ధానికి గుర్తులు గాని కనబడలేదు. నగరం అంటే రాజు, కోట, సైన్యం అని అలవాటుగా చెప్పుకునే మనకు ఈ ఒక్క ఉదాహరణ ఎంతో ఆలోచన కలిగిస్తుంది. పట్టిక దీన్ని అనవసరమైన ఆర్భాటం లేకుండా, నాలుగు చిన్న బొమ్మలతో, తప్పు లేకుండా చూపించింది.

అమెరికా వరుసకు అడుగున ఇంకో ఖాళీ వరుస ఉంది. వాడేవారు తమ ప్రాంతపు సంగతులను అందులో రాసుకోవాలని చిన్న పుస్తకంలో సూచించారు. మా పిల్లలు కరాల్ కింద రాయలసీమ, బళ్లారి ప్రాంతాల బూడిద దిబ్బలను రాశారు. పశువులను మందలుగా పెంచి, పోగుపడిన పేడను కాల్చిన నవీన శిలాయుగపు మనుషుల గుర్తులవి. క్రీ.పూ. మూడో శతాబ్దం దగ్గర పైన గ్వాటెమాలా అడవుల్లోని ఎల్ మిరడోర్ అనే తొలినాటి మాయా నగరం ఉంటే, కింద పత్తికొండ దగ్గరి ఎర్రగుడి అశోక శాసనాలు వచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది పద్నాలుగో శతాబ్దం దగ్గర. మెక్సికా ప్రజలు, అంటే మనం అజ్టెక్‌లని పిలిచేవారు, సరస్సు నడుమ దీవిలో తెనోచ్‌తిత్లాన్ నగరాన్ని స్థాపించింది సంప్రదాయం ప్రకారం 1325లో. విజయనగర స్థాపన 1336లో. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. అక్కడ మెక్సికా వారు తమ నగరాన్ని కట్టుకుంటున్న తొలి దశాబ్దాలవి. ఇన్కా రాజు పచకూతి తమ రాజధాని కుస్కోలో అధికారానికి వచ్చాడని చెప్పే 1438లో ఇక్కడ రెండో దేవరాయలు పాలిస్తున్నాడు. 1519 నవంబరులో స్పెయిన్ సేనాని కోర్తేజ్ తెనోచ్‌తిత్లాన్‌లో అడుగుపెట్టాడు, ఆ తరువాత ఏడాది ప్రాంతంలోనే పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరాన్ని చూశాడు. ఇద్దరూ ఇంత పెద్ద నగరాన్ని చూసి అబ్బురపడి రాసినవారే. 1521 ఆగస్టు 13న తెనోచ్‌తిత్లాన్ కూలిపోయిన నాటికి శ్రీకృష్ణదేవరాయలు గద్దె మీద ఉన్నాడు. పెనుకొండ కోటను కళ్లతో చూసిన పిల్లలకు ఈ ఒక్క వరుస వల్ల అజ్టెక్ కాలం ఎంత దగ్గరిదో అర్థమైంది. ఈ ఖాళీ వరుసను ఆలోచించి వదిలినవారికి నా కృతజ్ఞతలు.

అంకెల పలక కూడా అంతే శ్రద్ధగా చేశారు. మాయా లెక్కలో చుక్క ఒకటికి, అడ్డగీత ఐదుకు, గవ్వ ఆకారం సున్నాకు గుర్తు. స్థానాలు కింది నుంచి పైకి ఇరవైల చొప్పున పెరుగుతాయి. పలకలో చుక్కలకు చింతపిక్కలు, గీతలకు వెదురు పుల్లలు, సున్నాకు నిజమైన గవ్వలు ఇచ్చారు. ఈ మూడూ మన పిల్లలు ఆటల్లో వాడేవే కనుక చేయి వెంటనే అలవాటుపడింది. రోజుల లెక్కలో మాత్రం మూడో స్థానం నాలుగు వందలు కాకుండా 360 అవుతుందన్న సంగతిని చాలా పుస్తకాలు వదిలేస్తాయి, ఈ పెట్టె వదలలేదు. ఏడాదికి 365 రోజులను పలక మీద పేర్చమంటే పైన ఒక చింతపిక్క, మధ్యలో గవ్వ, కింద ఒక పుల్ల వస్తాయి. మధ్యలోని ఆ గవ్వను తీసేస్తే లెక్క ఏమవుతుందని అడిగినప్పుడు, సున్నా ఎందుకు కావాలో గణితం తరగతిలో తెలియని పిల్లలు కూడా చెప్పగలిగారు. 260 రోజుల చక్రం, 365 రోజుల చక్రం మళ్లీ ఒకేచోట కలవడానికి 18,980 రోజులు, అంటే 52 ఏళ్లు పడుతుందన్న లెక్కను రెండు అట్ట చక్రాలతో చూపించారు. అది కూడా బాగుంది. ఒక్క లోటు చెప్పాలి. రోజులను ఇలా స్థానాల్లో లెక్కపెట్టి తేదీ రాసే సుదీర్ఘ గణన అనే పద్ధతి మొత్తం మాయాలదేనని చిన్న పుస్తకం రాసింది. మనకు తెలిసిన తొలి తేదీలు క్రీ.పూ. ఒకటో శతాబ్దానివి, అవి చియాపా దె కోర్సో, త్రెస్ సపోతెస్ అనే చోట్ల, మాయా నగరాల నడిగడ్డకు వెలుపల దొరికాయి. మాయాలు దాన్ని పరాకాష్ఠకు తీసుకువెళ్లారు అని రాసి ఉంటే సరిపోయేది.

తాళ్ల గుత్తి విషయంలో ఇంత మెచ్చుకోలేను. ఇన్కాలు రాతకు బదులు వాడిన కిపులో ఒక లావు తాడు నుంచి సన్నటి తాళ్లు వేలాడుతుంటాయి. తాడు మీద ముడి ఉన్న ఎత్తును బట్టి వందలు, పదులు, ఒకట్లు తెలుస్తాయి. పదులకు, వందలకు ఒంటి ముడులు వేస్తారు. ఒకట్ల స్థానంలో మాత్రం రెండు నుంచి తొమ్మిది వరకు అన్ని చుట్లు తిప్పిన పొడవాటి ముడి, ఒకటికి ఎనిమిది ఆకారపు ముడి వస్తాయి. ఒక సంఖ్య ఎక్కడ ముగిసిందో తెలిసేది ఈ తేడా వల్లనే. ఈ లెక్కను అమెరికా పరిశోధకుడు లీలండ్ లాక్ 1912లోనే విడమరిచి చెప్పాడు. పెట్టెలోని నమూనాలో అన్ని చోట్లా ఒంటి ముడులే ఉన్నాయి, అందువల్ల అసలు సూత్రమే పోయింది. పైగా నైలాన్ తాడు ఇచ్చినందున ముడి నిలవదు. ఇన్కాలు పత్తి దారం, లామా జాతి జంతువుల ఉన్ని వాడారు. మేము నూలు తాడు కొని కొత్తగా కట్టుకున్నాం. ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్లకు చుట్టాలైన పిల్లలు ఆ పొడవాటి ముడిని నాకన్నా చక్కగా వేశారు. ఆండీస్ ప్రజలు బంగారం కన్నా మిన్నగా చూసుకున్నది సన్నటి నేతబట్టను. దాని మీద పెట్టెలో ఒక్క కార్డు కూడా లేకపోవడం మగ్గాల సీమలో పాఠం చెప్పేవారికి పెద్ద వెలితి.

ఇక బొమ్మల కార్డులు. వీటిలో క్షమించలేని తప్పు ఒకటి ఉంది. మాయా పంచాంగం అనే కార్డు మీద మెక్సికో నగరంలోని సూర్యశిల బొమ్మను అచ్చువేశారు. ఆ శిల మెక్సికా ప్రజలది, 1790లో మెక్సికో నగరపు పెద్ద కూడలిలో బయటపడింది, సుమారు 3.6 మీటర్ల వ్యాసం, 24 టన్నుల బరువు ఉన్న ఆ రాతికీ మాయా రోజుల లెక్కకూ సంబంధం లేదు. పిల్లలు మాటలను మరచిపోయినా బొమ్మను మరచిపోరు, కాబట్టి ఈ కార్డును వాడకపోవడమే మేలు. రెండో లోపం ఎంపికలో ఉంది. అజ్టెక్ కార్డుల్లో సగానికి పైగా నరబలి చుట్టూ తిరుగుతాయి. నరబలి జరిగిన మాట నిజం. 1978 తరువాత తెనోచ్‌తిత్లాన్ ప్రధాన ఆలయం దగ్గర జరిగిన తవ్వకాలు దాన్ని స్పష్టంగా చూపించాయి, పిల్లల దగ్గర దాచవలసిన పనీ లేదు. అయితే సరస్సులో మట్టి, ఆకు అలము పేర్చి చేసిన చినాంపా మడుల మీద ఏడాది పొడవునా పంట తీసిన సేద్యం గురించి ఒక్క కార్డు లేదు. తూకానికీ కల్తీకీ న్యాయాధికారులు కూర్చొని తీర్పు చెప్పిన, తెనోచ్‌తిత్లాన్ పక్కనే ఉన్న త్లతెలొల్కో సంత గురించి లేదు. భయపెట్టే సంగతి ఒక్కటే చూపిస్తే, ఆ ప్రజలు తమలాగే పొలం చేసుకుని సంతకు వెళ్లిన మనుషులన్న ఎరుక పిల్లలకు కలగదు.

మూడోది, మాయాలు అంతరించిపోయారని చెప్పే కార్డు. తొమ్మిదో శతాబ్దంలో దక్షిణ పల్లపు ప్రాంతపు నగరాలు కరువుల వల్ల, యుద్ధాల వల్ల ఖాళీ అయ్యాయి. ఆ తరువాత కూడా చిచెన్ ఇత్సా, మాయాపాన్ వెలిగాయి, చివరి మాయా రాజ్యం 1697 దాకా నిలిచింది. ఈనాటికీ గ్వాటెమాలాలో, యుకతాన్‌లో లక్షల మంది మాయా భాషలు మాట్లాడుతున్నారు. కరువుకు ఊళ్లు ఖాళీ కావడం అంటే ఏమిటో అనంతపురం వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరు ఖాళీ అయినంత మాత్రాన జాతి అంతరించదు. కార్డులన్నిటిలో మంచిది మాయా లిపి మీద ఉన్నది. 1562లో యుకతాన్‌లోని మణి అనే ఊరిలో స్పెయిన్ మతగురువు దియెగో దె లాందా మాయా గ్రంథాలను తగలబెట్టించిన సంగతి, మిగిలిన నాలుగు గ్రంథాల పేర్లు, 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నొరొజొవ్ అది అక్షరధ్వనులు కూడా ఉన్న లిపి అని చూపిన తీరు, అన్నీ క్లుప్తంగా, సరిగ్గా రాశారు. కడపలో పండితులను కూర్చోబెట్టి, చెదలు తింటున్న తాళపత్రాలకు శుద్ధ ప్రతులు రాయించిన బ్రౌన్ దొర కథ తెలిసిన పిల్లలు, గ్రంథాలు కాలిపోవడం ఎంతటి నష్టమో వెంటనే గ్రహించారు.

కార్డులు చదువుతుండగా ఒక అబ్బాయి లేచి, "ఎద్దులే లేకుంటే అంతంత చేండ్లు ఎట్ల దున్నుకున్నారు సార్?" అని అడిగాడు. పెట్టెలో దీనికి సమాధానం లేదు, ఉండవలసింది. ఆండీస్‌లో కాలితో తొక్కి నేలను పెళ్లగించే చాకితక్యా అనే పనిముట్టు ఉంది, మెక్సికోలో తవ్వుడుకర్ర ఉంది. లామా పాతిక ముప్పై కిలోలకు మించి మోయలేదు, బండి లాగదు. మెక్సికో ప్రాంతంలో చక్రాలున్న చిన్న బొమ్మలు దొరికాయి, అంటే చక్రం వారికి తెలుసు. దాన్ని లాగే పశువు లేదు. అంతటి వేదికలు, మెట్ల పొలాలు, యునెస్కో లెక్కలో 30,000 కిలోమీటర్ల ఇన్కా రహదారులు మనిషి రెక్కల కష్టంతోనే వచ్చాయి. ఈ ప్రశ్నతో కట్ట మొదలైతే మిగతా కార్డులన్నీ అర్థవంతమయ్యేవి.

పటం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గుడ్డ అతికించిన గట్టి కాగితం, రంగులు బాగున్నాయి. ఉత్తర అమెరికాను దాదాపు ఖాళీగా వదిలారు. ముప్పై మీటర్ల ఎత్తున మట్టిదిబ్బ లేపిన కహోకియా అనే పురాతన నగరానికి ఒక చుక్క దక్కింది, పెద్ద రాతి భవనాలున్న చాకో లోయకు అదీ లేదు. అమెజాన్ మొత్తం పచ్చరంగు. బొలీవియాలో కసరాబె సంస్కృతి ఊళ్లను 2022లో, ఎక్వడార్‌లోని ఉపానో లోయలో రహదారులతో కలిసిన పురాతన నివాసాలను 2024లో ప్రకటించిన తరువాత ఆ ప్రాంతాన్ని మనుషులు లేని అడవిగా చూపడం సమర్థనీయం కాదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది పంటల పుట. అమెరికా పంటలన్నిటినీ చిన్న పుస్తకం చివర ఒకే పుటలో, గోరంత బొమ్మలతో ఇరికించారు. మా పిల్లలకు అసలు పాఠం అక్కడే ఉంది. కళ్యాణదుర్గం ఎర్రనేలల్లో వాళ్ల తాతలు వేసిన వేరుశనగ పుట్టింది ఆండీస్ పర్వతాల తూర్పు పాదాల దగ్గర, ఇప్పటి బొలీవియా, ఉత్తర అర్జెంటీనా సీమల్లో. 1987లో పెరూలోని సిపాన్‌లో పురావస్తు శాస్త్రవేత్త వాల్తర్ ఆల్వా బృందం తవ్విన, ఇన్కాలకు ముందటి మోచె ప్రజల ప్రభువు సమాధిలో, ఆయన మెడలో బంగారంతోనూ వెండితోనూ చేసిన వేరుశనగ కాయల హారం ఉంది. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో కలిగిన సంతోషాన్ని నేను ఏ పాఠంలోనూ చూడలేదు. తమ చేని కాయను ఒక రాజు మెడలో వేసుకున్నాడన్న గర్వం వాళ్ల ముఖాల్లో కనిపించింది. ఆ హారం బొమ్మ పెట్టెలో ఎక్కడా లేదు.

మిరపకాయా అక్కడిదే. తాళ్లపాక అన్నమయ్య 1503లో కాలం చేసే నాటికి మన వంటింట కారం అంటే మిరియమే. పత్తికొండ టమోటా, ఆదోని మార్కెట్‌కు వచ్చే పత్తిలో ఎక్కువ భాగం, జామ, బొప్పాయి, సీతాఫలం, అన్నీ ఆ ప్రజలు ఎంచి, పెంచి, మెరుగుపరచిన మొక్కలే. సుమారు 9,000 ఏళ్ల కిందట నైరుతి మెక్సికోలో తియోసింతె అనే గడ్డి నుంచి మొక్కజొన్నను తీశారు. దాన్ని సున్నపు నీటిలో ఉడకబెట్టి వండుకున్నందువల్ల అందులోని నియాసిన్ అనే విటమిన్ వారి ఒంటికి పట్టింది. ఆ పద్ధతి నేర్చుకోకుండా గింజను మాత్రం తీసుకువెళ్లిన ఐరోపా పల్లెల్లో పేదలు పెల్లాగ్రా రోగం పాలయ్యారు. మన చేలగట్ల మీది కిత్తనార, నాగజెముడు సైతం అమెరికా మొక్కలే. తెనోచ్‌తిత్లాన్ స్థాపన గాథలో గద్ద వాలిన మొక్క, మెక్సికో జెండా మీద ఇప్పటికీ ఉన్న మొక్క నాగజెముడు. దాని మీద బతికే పురుగు నుంచి మెక్సికోలోని ఓక్సాకా ప్రజలు తీసిన ఎర్రరంగు కోసమే పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ ఆ మొక్కలను పెంచే ప్రయత్నం చేశాడు. ఇంత సరుకును ఒక్క పుటలో కుక్కడం తెలుగు పిల్లల కోసం తయారుచేశామని చెప్పుకునే పెట్టెకు తగదు. కనీసం పది పెద్ద కార్డులు పంటలకే ఇవ్వాలి.

తయారీ నాణ్యతకు వస్తే, చెక్క పలక ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాలపట్టిక మడతల దగ్గర త్వరగా చినిగేలా ఉంది కనుక కొన్న వెంటనే వెనుక గుడ్డపట్టీ అంటించుకోవాలి. కార్డుల అంచులు పదును తగ్గించి కత్తిరించారు, అక్షరాలు వెనక బల్లలకు కూడా కనబడతాయి. పెట్టె ఎనిమిదో తరగతి నుంచి పైవారికి సరిపోతుంది. చిన్నపిల్లలకు పలక ఒక్కటి చాలు, దాన్ని విడిగా 400 రూపాయలకు అమ్ముతున్నారు. అనంతపురం అంగట్లో నిల్వ ఉంచరు, ముందుగా చెబితే వారం పది రోజుల్లో తెప్పిస్తారు. తప్పులన్నిటినీ వివరంగా రాసి తయారీదారులకు ఉత్తరం పంపాం. సూర్యశిల కార్డును తరువాతి ముద్రణలో మారుస్తామని, కిపుకు నూలు తాడు వాడతామని బదులిచ్చారు. పటం సంగతి, పంటల కార్డుల సంగతి ఆ జవాబులో లేవు, వాటి కోసం మళ్లీ రాస్తున్నాం.